మూడో మంచం మోత

మూడో మంచం మానిటరు టింగు టింగుమని రెండుసార్లు మోగి, ఆపైన ఒకటే మోత. తెర మీద గీత చాప పరిచినట్టు పడుకుంది.

"మూడో మంచం పోతోంది!" అని కేకేసింది జిస్మి. ఐసీయూలో నర్సుగా ఆమెకిది నాలుగో రోజు.

డాక్టరు మామ్మెన్ చేపలపులుసు కలిపిన చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. షాకు మిషను కూడా దొర్లుకుంటూ వచ్చింది.

మంచం మీది వర్కిచ్చన్ మాత్రం అందరినీ తేరిపార చూస్తున్నాడు. గుండె మీద ఉండాల్సిన వైరు ఆయన గుప్పిట్లో ఉంది.

"అది కాదు డాక్టరుగారూ..." అని ఆయన నోరు తెరిచాడో లేదో, హెడ్ నర్సు తంకమ్మ ఆయన మూతికి ఆక్సిజన్ మాస్కు తగిలించేసింది.

"మాట్లాడకూడదు అప్పచ్చా, పెద్దాయనా! గుండెకి మంచిది కాదు." జిస్మి వైపు తిరిగింది. "పొద్దుట్నుంచి ఇది మూడోసారి! ఆయన బస్సు కండక్టరు. బెల్లు తాడు లాగిలాగి ఆ చెయ్యి ఊరుకోదు. నీ బుద్ధేమైంది? ముందు మనిషిని చూడు, తర్వాత మిషను. ఇంకొక్కసారి ఉత్తుత్తికే అరిచావో, సాయంత్రానికి జనరల్ వార్డే నీకు."

"పంపొద్దు చేచీ, అక్కలాంటివారు మీరు! ఐసీయూలో రెండేళ్లు చెయ్యకపోతే ఐర్లండు ఆసుపత్రులవాళ్లు నా మొహం కూడా చూడరు."

"ఐర్లండు తర్వాత. నాలుగో మంచం ఒళ్లు తుడువు."

నాలుగో మంచం సుకుమారన్‌ది. మూడు రోజులుగా కదలిక లేదు. గంటగంటకీ చెవిలో పేరు పెట్టి అరుస్తున్నారు, అరికాలు గిల్లుతున్నారు. ఉలుకూ లేదు పలుకూ లేదు. నాలుగింటికి ఆయన భార్యను పిలిచి, ఇక ఆశ లేదని చెప్పెయ్యాలనుకున్నాడు డాక్టరు.

జిస్మి ముందు వర్కిచ్చన్‌కి దండం పెట్టింది. "మీకు పుణ్యముంటుంది, ఆ వైరు ముట్టుకోకండి. టీ కావాలా?"

ఆయన మాస్కులోంచి ఏదో గుడగుడలాడి, వేలుతో నాలుగో మంచం చూపించాడు.

"ఆయన్ని చూసి భయపడకండి. మీకలా అవదు." చేతులకి పనుంటుందని ఆయన చేతిలో జపమాల పెట్టింది.

మూడున్నరకి ఆమె సుకుమారన్ పాదాలు తుడుస్తోంది. టింగు టింగు!

పరుగెత్తబోయి పళ్లు బిగబట్టి ఆగింది. తల తిప్పి మనిషిని చూసింది. వర్కిచ్చన్ కళ్లు తెరిచే ఉన్నాడు. అప్పుడు తన అరచేతిలో ఉన్న కుడిపాదం మెల్లగా ముందుకు నొక్కింది.

"చేచీ! నాలుగో మంచం కాలు కదిలింది!"

డాక్టరు మళ్లీ వచ్చాడు. పేరు పెట్టి అరిచాడు, గిల్లాడు. కదల్లేదు.

"మోగేది మూడు, కదిలేది నాలుగూనా? ఇక చాలు," అంటూ తంకమ్మ అలమరలోంచి జిస్మి సంచీ తీసి చేతికిచ్చింది.

జిస్మికి ఏడుపు ముంచుకొచ్చింది. ఎలాగూ పోతున్నానుగా అనుకుని, తిన్నగా వెళ్లి వర్కిచ్చన్ మాస్కు ఊడబెరికింది. "ఏమిటి మీ బాధ? చెప్పండి!"

"పేరు పెట్టి పిలిస్తే వాడు కదలడమ్మా," అన్నాడు వర్కిచ్చన్ ఆయాసపడుతూ. "ఒక బెల్లుకి ఆగుతాడు. రెండు కొడితేనే కదులుతాడు."

వైరు అతికించి రెండుసార్లు లాగాడు. టింగు టింగు. సుకుమారన్ ఎడమకాలు నొక్కి వదిలింది, కుడికాలు నొక్కింది, చెయ్యి గాలిలో గేరు వెతుక్కుంది.

తంకమ్మ సంచీ తీసుకెళ్లి తిరిగి అలమరలో పెట్టేసింది.

"ఆయన మీకేమవుతాడు?" అన్నాడు డాక్టరు నోరు తెరుచుకుని.

"ఇరవై రెండేళ్లుగా నా డ్రైవరు. పొద్దుట్నుంచి నేను బెల్లు కొట్టినప్పుడల్లా వాడు బండి తీస్తూనే ఉన్నాడు సారూ, మీరే అందరూ నా మంచం చుట్టూ మూగారు!"