చలపతి గొంతు

ఇళ్లలో మిషన్లే దుకాణాలకు ఫోన్లు చేసే రోజులు వచ్చాక, కర్రీ పాయింట్ నడిపే వరహాలమ్మ ఒక నియమం పెట్టుకుంది. అవతల మాట్లాడేది మిషన్ అని తెలిస్తే ఫోన్ పెట్టేస్తుంది. పొయ్యి మీద పులుసు మరుగుతుంటే, ఏ కూర ఎంత మిగిలిందని మాటిమాటికీ అడిగే వాటితో ఎవరు వేగగలరు?

అందుకే చలపతి తన మిషన్‌కు సొంత గొంతు నేర్పించాడు. చేపల పులుసు అయిపోకముందే పార్సిల్ ఇంటికి వచ్చేది.

ఓ ఆదివారం తనే వెళ్లి పేరు చెప్పాడు. వరహాలమ్మ గరిటె పక్కన పెట్టింది. ఆమె ముంజేతి మీద కాలిన బొబ్బ ఉంది.

"నువ్వేనేటి బాబూ! ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉందండీ. ఆ చెయ్యి ఏమైంది?"

"మూకుడు దించుతూ నీ ఫోన్ అందుకున్నాను. అడిగిందే అడుగుతావు, పెట్టేసి మళ్లీ చేస్తావు. మాటాడ్డానికి ఎవులూ లేరేమో పాపం అనుకున్నాను."

ఆ ఫోన్లు చేసింది తన మిషన్ అని చలపతి చెప్పేశాడు.

వరహాలమ్మ మళ్లీ గరిటె అందుకుని పులుసు కలిపింది.

"అడిగితే దానికో దోవ చూపించీదాన్ని గదా," అంది. "ఏ కూర ఎంతుందో వేరే నంబర్లో రికార్డు చేసి పెడతాను. మిషన్లు ఎన్నిసార్లయినా ఇనుకుంటాయి. నా పొయ్యి జోలికి రావు."

అన్నట్టే మర్నాడు ఆ నంబర్ పెట్టింది. ఆ సాయంత్రం చలపతి స్వయంగా ఫోన్ చేశాడు.

"చెయ్యి తగ్గిందా అండీ?"

"మిషన్లకి వేరే నంబరుంది," అని ఆమె ఫోన్ పెట్టేసింది.