తలుపు ఒప్పుకున్న లెక్క

"నీ లెక్కే కరెక్టయితే ఆ తలుపు తీసుకుని బయటికి పో," అన్నాడు ప్రొఫెసర్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీంచి తల తిప్పకుండానే.

అమ్మాయి తలుపు వైపు చూసింది. కిటికీ లేని గది. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా నంబరు నొక్కాల్సిందే. ఆ మిషన్‌లో పరుగెత్తే ఎలక్ట్రాన్ల తరంగదైర్ఘ్యమే ఆ నాలుగంకెల నంబరు. అది ప్రొఫెసర్ గారి ముచ్చట. పాత నంబరు తెలిసినవాళ్లెవరైనా కొత్తది పెట్టుకోవచ్చు గానీ, ఆయన్ని కాదనే ధైర్యం ఎవరికుంది? పరీక్షలో ఆమెను ఫెయిల్ చేసిన ప్రశ్న కూడా అదే.

తన లెక్క ప్రకారం రెండు, అయిదు, సున్నా, ఎనిమిది నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

"సార్, ఇవి కాంతి వేగంలో డెబ్భై శాతం వేగంతో పోతాయి. సాపేక్షత సవరణ కలపకపోతే ఎలా?"

"పాత మిషన్‌కి ఏళ్ల తరబడి కలపకుండానే లెక్క కట్టా. ఏ కొంపా మునగలేదే."

"అది నెమ్మది మిషన్ సార్, తేడా తెలిసేది కాదు. ఈ ఒక్క పేపరు పోతే నా సీటు పోతుంది."

"పోతే పోనీ. తప్పుకి మార్కులెవరు వేస్తారు?"

మిషన్ హోరు చెవుల్లో గింగురుమంటోంది. ఆయన నంబరేమిటో ఆమెకు తెలుసు. అది నొక్కడమంటే తన చేత్తో తానే సున్నా వేసుకోవడం. అలాగని ఎంతసేపు ఇక్కడ పడి ఉంటుంది? పళ్లబిగువున రెండు, ఏడు, నాలుగు, రెండు నొక్కింది.

పచ్చదీపం.

"చూశావా? తలుపు కూడా నా లెక్కే కరెక్టంటోంది," అని ప్రొఫెసర్ పడీపడీ నవ్వాడు.

"అవును సార్," అంది. బయటికొచ్చి తలుపు మూసి, నంబరు మీటల దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత ఎదురుగా బల్ల మీద కూర్చుంది.

భోజనాల వేళకు లోపల్నుంచి తలుపు బాదుడు మొదలైంది.

"ఎవరక్కడ? తాళం చెడిపోయినట్టుంది. ఎన్నిసార్లు నొక్కినా ఎర్రదీపమే."

అమ్మాయి తీరిగ్గా లేచి తలుపు దగ్గరికెళ్లింది.

"తాళం బాగానే ఉంది సార్. ఒకసారి సాపేక్షత కలిపి చూడండి."