హంబగ్ పందెం

"హాంబర్గ్ ఊరి నుంచి అన్నీ దొంగవార్తలే వచ్చేవండి. అందుకే ఇంగ్లీషువాళ్లు బూటకాన్ని హంబగ్ అన్నారు," అన్నారు సోమేశ్వరరావు గారు, ఎప్పటిలాగే.

"ఆ కథే పెద్ద హంబగ్ అండి. పాత వాడుకలో హమ్ అంటే మోసం, బగ్ అంటే బూచి," అన్నారు కృపారావు మాస్టారు, ఎప్పటిలాగే.

ఒకరు కొబ్బరి రైతు, ఒకరు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. ఐనవిల్లి దగ్గర కాలవగట్టు మీది చిన్న లైబ్రరీలో ఈ పోట్లాటకి ఏడేళ్లు. ఆ మాటని ఎవరో దొర ఈ వైపు వదిలి పోయాడు, దాని పుట్టిల్లు మాత్రం చెప్పి పోలేదు.

తొంభై ఏడులో పంతం ముదిరి పందెమైంది. ఓడినవారు ఇక లైబ్రరీ గడప తొక్కకూడదు. నలుగురి ముందూ అనేశారు, వెనక్కి తీసుకోలేరు. పొద్దు పోవడానికి ఇద్దరికీ ఉన్నది ఆ గడప ఒక్కటే.

తొంభై ఎనిమిది వేసవిలో లైబ్రేరియన్ సత్యప్రియ ఏడాది తంటాలు పడి లావుపాటి డిక్షనరీ ఒకటి తెప్పించింది. అందులో ప్రతి మాటకీ పుట్టుక రాసి ఉంటుందట.

"సాయంత్రం అందరి ముందూ చూద్దామండి," అని దాన్ని బల్ల మీద పెట్టి భోజనానికి బయల్దేరింది. ఒక్కరినే వదిలితే రెండోవారు నమ్మరు. అందుకని ఇద్దరినీ కాపలా పెట్టింది.

"ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచండి."

"ఆయ్," అన్నారిద్దరూ.

సాయంత్రం సగం ఊరు వచ్చింది. సత్యప్రియ పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. హంబగ్ ఉండాల్సిన కాగితం లేదు.

"నేను కాస్త కునుకు తీసేనండి. అదను చూసి ఈయనే చింపేరు," అన్నారు సోమేశ్వరరావు గారు.

"కునుకు తీసింది నేనండి. ఓడిపోతానని తెలిసి తమరే చింపేరు," అన్నారు మాస్టారు.

ఇద్దరూ నిప్పు తొక్కిన కోతుల్లా ఎగిరారు. సత్యప్రియకి ఏడుపొక్కటే తక్కువ. ఎవరిని నమ్మాలో తెలియక జనం ఇళ్లకి లేచారు.

"రేపు వస్తాను, తేల్చుకుందాం," అన్నారు ఆ ఇద్దరిలో ఒకరు.

"నేనూ వస్తానండి," అన్నారు మరొకరు.

ఇంటికి వెళ్తూ కాలవ వంతెన మీద ఇద్దరూ ఆగి, ఆ కాగితంలో చెరో సగం చెరో జేబులోంచి తీసి, మడత కూడా విప్పకుండా నీళ్లలోకి వదిలేశారు.