తలగుడ్డ

పసివాడు ఏడుస్తున్నాడు. పక్క తడిసింది.

పొడిగుడ్డ మూరెడు దూరంలోనే ఉంది. మాలతికి అందడం లేదు.

ఆపరేషన్ అయి ఒక్క రోజే గడిచింది. ఇటు ఒత్తిగిలినా, అటు ఒత్తిగిలినా కుట్లు మండుతున్నాయి.

తల్లి లేదు. అత్త కాలు విరిగి గద్వాలలో మంచాన పడింది. మొగుడు రాఘవేంద్ర మగ్గం ఆపి వచ్చాడు గానీ, బాలింతల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. గేటు బయట టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు పాపం.

"ఏమైంది చెల్లె?"

ముప్ఫై దాటిన ఒకామె వచ్చింది. మంచం కమ్మీ పట్టుకుని మెల్లగా వంగి, తడిగుడ్డ తీసి పొడిగుడ్డ వేసింది. ఏడుపు ఆగింది.

"నీ తలకు గుడ్డేది? బాలింతవు, గిట్లుంటే చెవులల్ల గాలి పోతది."

"కట్టేటోళ్లు ఎవ్వరూ లేరక్కా."

ఆమె పక్క మంచం దిండు కింద నుంచి ఒక గుడ్డ తెచ్చింది. మెత్తటి పాత నూలుచీర ముక్క. నాలుగు వైపులా అంచు కొత్తగా కుట్టి ఉంది. దాన్ని మాలతి తలకు బిగించి కట్టి, చెవుల్లో దూది పెట్టింది.

"గిది మీ పేషెంటుది కాదా?"

"ఆమెకు అక్కర లేదులే."

"ఆమె ఏది మరి?"

"బిడ్డ కాడ ఉంది."

మాలతి ఆమె తల వైపు చూసింది. గుడ్డ లేదు, చెవుల్లో దూది లేదు. తలగుడ్డ ఉంటే బాలింత, లేకుంటే తోడు వచ్చిన మనిషి. ఇందులో అడగడానికేముంది! మగ్గం మీద ఒక్క పోగు తెగినా కనిపెట్టే కళ్లు మాలతివి. ఆ రోజు మాత్రం తల దాకా చూసి ఆగిపోయాయి.

"మీ పేషెంటు వచ్చేదాక జర నా దగ్గర ఉండక్కా."

"ఉంటలే."

మూడు రోజులు ఉంది. గేటు దాకా పోయి డబ్బా తెచ్చింది. వేడినీళ్లు తెచ్చింది. గుడ్డలు ఉతికింది. పక్క మంచం మందులకు కూడా నర్సు దగ్గరికి తనే పోయేది. "పరేషాన్ గాకు, పాలు పడ్తయి" అంటూ పిల్లవాణ్ణి రొమ్ముకు పట్టించింది. వాడు తాగుతున్నంతసేపూ తను మొహం తిప్పుకుని కూర్చునేది. ఆమె పైట ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. గుడ్డలు ఉతికి తడుపుకుందనుకుంది మాలతి.

పని మాత్రం మహా నెమ్మది. చెంబు ఎత్తాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. చేసిపెట్టే మనిషి దొరికాక మాలతికి విసుగు కూడా వచ్చింది.

"జల్ది రారాదక్కా? ముసలామె లెక్క నడుస్తవేంది?"

ఆమె నవ్వింది.

నాలుగో రోజు పొద్దున పిల్లవాణ్ణి ఎత్తుకుని లేవబోతూ ఒక్కసారిగా నేల మీద కూలబడింది. వాడు ఆమె ఒళ్లోనే ఉన్నాడు గానీ, అదిరిపడి కెవ్వుమన్నాడు.

మాలతికి పైప్రాణాలు పైనే పోయాయి.

"నా కొడుకును పారేస్తవా! చేతగాకుంటే ఎందుకెత్తుకున్నవ్? పో, మీ పేషెంటు దగ్గరికే పో! నా బిడ్డను ముట్టకు!"

ఆమె ఒక చేత్తో వాణ్ణి పొదువుకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుంది. లేవడానికి చాలాసేపు పట్టింది. పిల్లవాణ్ణి తల్లి పక్కన పడుకోబెట్టి, వాడి తల నిమిరింది.

"ఏం గాలే చెల్లె. మంచిగున్నడు."

వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మధ్యాహ్నానికి పక్క మళ్లీ తడిసింది. చెయ్యి పట్టేవాళ్లు లేకుండా మాలతి మొదటిసారి మంచం దిగింది. కమ్మీ పట్టుకుంది. వంగేసరికి కడుపు చీరేసినట్టయింది. ఒక్క గుడ్డ మార్చేలోగా ఒళ్లంతా చెమటలు, కళ్ల నిండా నీళ్లు. అప్పుడు కూడా ఆమె మీద కోపమే వచ్చింది. ఒక్క మాట అంటే ఇంత అలకా!

మర్నాడు నర్సు మందుల ట్రేతో పక్క మంచం దగ్గరికి వచ్చింది.

"జమ్ములమ్మ ఏది? నిన్నటి సంది కనవడ్తలేదు."

ఆ పేరు మాలతి వినడం అదే మొదటిసారి.

"బిడ్డ కాడ ఉందంట సిస్టర్. తోడొచ్చినామె చెప్పింది."

"తోడా? ఆమెకు తోడు ఎవ్వరున్నరు?"

నర్సు చూపు మాలతి తల మీద ఆగింది.

"గీ గుడ్డ నీకెట్లొచ్చింది? ఆపరేషన్‌కు పోయేటప్పుడు ఆమెనే నా చేతికిచ్చింది, దిండు కింద పెట్టుమన్నది. వచ్చినంక కట్టుకుంటనన్నది."

మాలతి చెయ్యి తలగుడ్డ మీదికి పోయింది. కొత్త కుట్టు వేళ్లకు తగిలింది.

"మరి... ఎందుకు కట్టుకోలే?"

"బిడ్డ దక్కలే. మట్టి చెయ్యనీకె మొగుడు తీస్కపోయిండు, మళ్ల రాలే. బిడ్డ లేని తలకు గుడ్డెందుకన్నది. మీ ఇద్దరికీ ఒక్కనాడే కడుపు కోసిండ్రు, నీకంటె గంట ముందు ఆమెకు. ఇంక కుట్లు గూడ తియ్యలే, గా పచ్చి కడుపుతోని ఎటు పోయిందో ఏమో!"