ప్రొపెల్లర్ మీద వాన

1999 నవంబరు 16, మంగళవారం ఉదయం పది గంటలకు తనిఖీ అధికారి జయరాం ప్రొపెల్లర్ అంచు మీద వేలు పెట్టి జరిపాడు. వేలు గీసుకుని రక్తం వచ్చింది.

శుక్రవారం ఇదే అంచు మీద ఇదే వేలు గాజు మీద జారినట్టు జారింది.

"గురునాథం గారూ, ఒకసారి ఇటు రండి."

గురునాథం చేతిలో స్పానర్ కింద పెట్టి వచ్చాడు. బ్యాంకులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం అతని ఉద్యోగం. ఆ రెండు సీట్ల విమానం అతను సొంతంగా కట్టుకున్నది. సెంబవాంగ్ పేటలోని తన ఫ్లాట్ హాల్లో ఆరేళ్లు ముక్కలు ముక్కలుగా తయారుచేసి, ఈ చిన్న ఎయిర్‌పోర్టుకు లారీలో తెచ్చి, రేకుల షెడ్డులో బిగించాడు. నేల మీద మెల్లగా నడిపి చూసుకోవడానికి అనుమతి ఉంది. ఎగరడానికి లేదు. ఇవాళ జయరాం సంతకం పెడితే అదీ వస్తుంది.

ఇద్దరి తాతలూ విశాఖ తీరం నుంచి ఓడలో ఈ దేశానికి వచ్చినవాళ్లే. తనిఖీలో ఆ చుట్టరికం ఎప్పుడూ లెక్కలోకి రాలేదు.

"ఈ రెక్కల కొసలు చూడండి. పైపొర లేచిపోయింది. లోపలి కార్బన్ పీచు బయటపడింది."

గురునాథం వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చూశాడు.

"ఇది నేను చెయ్యలేదు సార్."

"వాన చేసింది. ఆగి ఉన్న ప్రొపెల్లర్ మీద ఏడాదంతా కురిసినా ఏమీ కాదు. తిరుగుతున్నప్పుడైతే ఒక్కో చినుకూ ఒక్కో గులకరాయి. ఇంతలా కొట్టాలంటే ఇంజన్ పూర్తి వేగంతో తిరగాలి. అలా తిరిగితే మీ విమానం నేల మీద ఉండదు."

"నేను ఎగరలేదు."

"అనుమతి లేకుండా ఎగిరితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు లా!" ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించాడు గురునాథం. "దరఖాస్తు రద్దు. నా పైలట్ లైసెన్సు పోతుంది. అందుకేగా ఆరేళ్లుగా మీరు నట్టు మార్చమంటే నట్టు మార్చాను, రెక్క విప్పమంటే రెక్క విప్పాను. ఎగరలేదు. మీరేం రాసుకున్నా సరే, ఎగరలేదు!"

మూల స్టూలు మీద కూర్చున్న సూరమ్మ తలెత్తింది. గురునాథం తల్లి. రోజూ కొడుక్కి క్యారేజీ తెచ్చి, సాయంత్రం దాకా ఉండిపోతుంది. ఇంజన్ పరీక్షలప్పుడు సీట్లో కూర్చుని బ్రేకులు తొక్కి పట్టేది ఆవిడే. చేతిలో ప్లాస్టిక్ సంచీలో కాఫీ ఉంది. స్ట్రా నోట్లోంచి తీసింది.

"ఏటి బాబూ, మావోడి మీద అరుత్తన్నావు?"

"అరుస్తున్నది ఆయనాంటీ. వానలో ఎగిరారు, ఒప్పుకోవట్లేదు."

"ఆడు ఎగరలేదు."

"మరి విమానం దానంతటదే ఎగిరిందా?"

"నాను ఎగిరినాను."

జయరాంకి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"ఎప్పుడు?"

"ఆదివారం మజ్జాన్నం. వోన దంచి కొడతంది. టవర్లో కూకున్నోలకి ఏటీ అగుపడదు. అందుకే అప్పుడు తీసినాను."

"ఎందుకాంటీ అంత తొందర?"

"ఈడు నీ కాగితం కోసం సూత్తా కూకుంటాడు. నువ్వు ఇయ్యవు. నాకు అరవై ఎనిమిది. ఇంకెన్నాళ్లు బ్రేకులు తొక్కమంటావు?"

"ఎంత ఎత్తు లేచిందేం?"

"ఓ మనిషెత్తు. ముందు రాళ్లు ఏసినట్టు ఒకటే సప్పుడు. ఇంజన్ తగ్గించీసినాను. దిగిపోనాది."

కొడుకు వచ్చి చెప్పిన ముచ్చటే ఆవిడ అప్పజెబుతోందని జయరాంకి తోచింది. కొడుకు కారు గుద్దితే స్టీరింగ్ ముందు తానే ఉన్నానని పోలీసులకు చెప్పే తల్లులుంటారు.

"అబ్బాయి మీద ప్రేమ కొద్దీ చెబుతున్నారు. నాకర్థమైంది."

"నీకేటీ అరదం కానేదు!"

గురునాథం తల్లి వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రాసుకోండి సార్. నేనే ఎగిరాను."

"ఒరే! అబద్దం సెప్పకురా!"

"అమ్మా, నువ్వూరుకో."

"ఎందుకూరుకుంటాను? నాను ఎగిరింది నాది. నీకెందుకిత్తాను?"

జయరాం పెన్ను మూత తీశాడు.

"ఇందాక అంత గట్టిగా కాదన్నారు?"

"ఇప్పుడు అంతే గట్టిగా అవునంటున్నాను."

ఒప్పుకున్నవాళ్లు ఇద్దరు. నమ్మదగ్గ మాట ఎవరిదో తేల్చుకోవడానికి జయరాంకి ఎక్కువసేపు పట్టలేదు. దరఖాస్తు రద్దయిందని చెప్పాడు. గురునాథం పర్సులోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ దాని వైపు చూడలేదు. స్పానర్ తీసుకుని ప్రొపెల్లర్ విప్పడం మొదలుపెట్టాడు.

"ఇంకా దేనికి విప్పడం?" అన్నాడు జయరాం.

"కొత్తది బిగించాలిగా."

"లైసెన్సే లేదు కదండీ!"

"విమానం ఉంది కదా సార్."

సూరమ్మ షెడ్డు బయటిదాకా వెంట వచ్చింది.

"నీ కాగితంలో నా పేరు రాయి బాబూ. సూరమ్మ. దీర్గం మరిసిపోకు."

"వస్తానాంటీ," అని జయరాం కారెక్కాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు పైడిరాజు అడ్డకర్ర ఎత్తబోయి, ఆగి, కిటికీలోకి వంగాడు.

"సంతకం అయిపోయిందా సార్? గురునాథం సార్ మాకు మకాన్ పెడతానన్నారు, పెద్ద విందంట."

"కాలేదు. ఆదివారం వానలో ఆయన విమానం బయటికి తీస్తుంటే నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"గురునాథం సారా? ఎక్కడ సార్, ఆదివారం రానే లేదు లా. బ్యాంకులో వైటూకే పని, రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లన్నీ సరిచెయ్యాలంట. పొద్దున్నించి రాత్రి దాకా అక్కడే."

"మరి షెడ్డు తెరిచిందెవరు?"

"ఆంటీ ఒక్కరే వచ్చారు సార్."