తిరగేసిన నెగెటివ్

"ఎవరైనా గుర్తుపట్టారో, నేను మా పుట్టింటికి వెళ్లిపోతాను" అంది ఫోటోగ్రాఫరు భార్య.

ఫోటోలో ఉన్నది ఆమె వీపు. ముఖం లేదు, రంగు లేదు. ఓ పక్క వెలుగు, ఓ పక్క నీడ, ఎడమ భుజం మీద కందిగింజంత పుట్టుమచ్చ. ఫోటోగ్రాఫరు జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు. గ్యాలరీ వాళ్లు చూడగానే ఎదురుగోడకి ఖాయం చేశారు.

వీపు చూసి ఎవరు పోల్చుకుంటారని అతను నచ్చజెప్పబోయాడు. మచ్చ చూస్తే మా అమ్మ పోల్చుకుంటుందంది. పోనీ మచ్చ చెరిపేయమంది. ఫోటోకి ప్రాణమే అదని అతను ఒప్పుకోలేదు. ఆ సంగతి నాకు వదిలేయమన్నాడు.

ప్రింటు తీసేటప్పుడు నెగెటివ్‌ని తిరగేసి పెట్టాడు. ఎడమ భుజం మచ్చ కుడి భుజం మీదికి వచ్చి కూర్చుంది. తన తెలివికి తనే మురిసిపోయాడు. భార్యకి కూడా చెప్పలేదు.

ప్రదర్శన మొదటిరోజు భార్య సిగ్గుతో ఇంట్లోనే ఉండిపోయింది. అత్తగారు, భార్యకి అక్క అయిన వదిన, ఆవిడ భర్త తోడల్లుడు మాత్రం వచ్చారు. తోడల్లుడు జిమ్‌లో కోచ్. మనిషి మంచివాడే కానీ అరచెయ్యి చాటంత.

అత్తగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. ఏమీ అనలేదు. ఫోటోగ్రాఫరు గుండెల మీద బరువు దిగిపోయింది.

వదిన చూసి గబగబా శాలువా భుజాల నిండా కప్పుకుంది. చలేస్తోందేమోనని అతను ఏసీ తగ్గించమని పురమాయించాడు.

తోడల్లుడు మాత్రం ఫోటో ముందు నుంచి కదల్లేదు. ఇతనిలో ఇంత కళాభిమానం ఉందా అని ఫోటోగ్రాఫరు ముచ్చటపడి పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

"ఎవరు తమ్ముడూ ఈవిడ?"

"పేరు చెప్పకూడదన్నయ్యా, మాటిచ్చాను."

"ఇష్టపడే దిగిందా?"

"మొదట్లో సిగ్గుపడింది. తర్వాత ఒకటే నవ్వు. ఆ నవ్వుకి నాకు రీలు సగం పాడైంది."

"ఎక్కడ తీశావు?"

"మా ఇంట్లోనే."

"మీ ఆవిడకి తెలుసా?"

"తెలియకపోవడమేంటి? తను ఒప్పుకోకపోతే ఈ ఫోటోనే లేదు."

తోడల్లుడు చేతి గడియారం విప్పి అత్తగారికిచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. వాటేసుకుని అభినందిస్తాడనుకుని ఫోటోగ్రాఫరు నవ్వుతూ రెండు చేతులూ చాచాడు.

అచ్చుగుద్దినట్టుండే ఆ కవల అక్కచెల్లెళ్లలో, చెల్లెలికి ఎడమ భుజం మీదున్న మచ్చ అక్కకి సరిగ్గా కుడి భుజం మీద ఉంటుందని, పాపం, అతనికి ఎవరు చెబుతారు?