ఈల

సెలవు రోజున తల్లి అంకమ్మతో పత్తి తీయడానికి వచ్చిన కోమలి ఈల అందుకుంది. పక్క సాలులోంచి అంకమ్మ గయ్యిమని లేచింది.

"ఆపవే! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఆడపిల్లననేగా? బాగా పాడే మగపిట్టనే ఆడపిట్ట ఏరుకుంటుందని మా జువాలజీ మేడం చెప్పారు. ఆ గొంతే పిల్లలకీ వస్తుందట. మనుషుల్లోనూ అలాగే జరిగి ఉండొచ్చట. నువ్వు నాన్నలో ఏం చూసి చేసుకున్నావమ్మా?"

అంకమ్మ చేతులు ఆగిపోయాయి.

"మా ఊరికి విత్తనాలేసే గొర్రు తోలడానికొచ్చాడు, ఈల వేసుకుంటా. పొలాలున్న సంబంధాలన్నీ కాదని, సెంటు భూమి లేని ఆయన్నే చేసుకుంటానని మంకుపట్టు పట్టా."

ఆ మనిషే కౌలుకు పత్తి వేశాడు. పంట పురుగు పాలయ్యాక, మిగిలిన పురుగుమందు తాగి ఆ చేలోనే పడిపోయాడు. అప్పటికి కోమలి ఇంకా పలకా బలపం పట్టే పిల్ల.

"ఆడపిల్లవని కాదే. నువ్వు ఈల వేస్తే ఆయనే చేలోంచి వస్తున్నట్టుంటది. గబుక్కున తలెత్తి చూస్తా. ఎవరూ ఉండరు."

"ఇంకెప్పుడూ వెయ్యనమ్మా."

అంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ పత్తిచెట్టు మీదికి వంగింది.

"వెయ్యవే. ఈసారి తలెత్తనులే."